ఆరు పజిళ్లు, ఒకే పెన్ను

ఆదివారం, ఫిబ్రవరి 4. సాయంత్రం 5

చర్చి భోజనాల్లో పరువు పోయింది! "ముప్పయ్యొక్క ఏళ్లుగా రోజూ పేపర్లో క్రాస్‌వర్డ్ పూర్తి చేస్తున్నా" అని పదిమందిలో గొప్పలు పోయాను. మా ఆవిడ కొరీన్ పక్కనే వడ్డిస్తూ, "రాసేది ఆయన. వంటింట్లోంచి జవాబులు చెప్పేది నేను" అంది. బల్లబల్లంతా నవ్వు. పాస్టరు కూడా!

ఇంటికొస్తూ కార్లోనే పందెం. రేపట్నుంచి శనివారం దాకా ఆరు పజిళ్లూ నేనొక్కణ్ణే నింపాలి. ఓడినవాళ్లు వచ్చే ఆదివారం అదే బల్ల దగ్గర లేచి నిలబడి, ఇంట్లో అసలు ఘనులెవరో ఒప్పుకోవాలి.

నియమాలు: అడగకూడదు. వెతకకూడదు. పెన్సిల్ ముట్టకూడదు, పెన్నే.

ముప్పయ్యేళ్లు మిన్నెసోటాలో ఈ డులూత్ రోడ్ల మీద మంచు తోసే బండి నడిపినవాణ్ణి. గళ్లు నింపడం ఒక లెక్కా!

సోమవారం, 5

7.10 మొదలు. 7.38 పూర్తి!! ఒక్క కొట్టివేత లేదు.

కొరీన్‌కి చూపించాను. "సోమవారంది చిన్నపిల్లలక్కూడా వస్తుంది హార్లన్. వారం ముదిరేకొద్దీ పజిల్ ముదురుతుంది" అంది. కుళ్లు!

మంగళవారం, 6

గంటా నలభై నిమిషాలు. ఒక్క మూల మాత్రం మిగిలింది. సరిగ్గా అక్కడే కాఫీ ఒలికింది. కనబడని గళ్లు లెక్కలోకి రావు. కాబట్టి పూర్తి.

(కాఫీ దానంతటదే ఒలికింది.)

బుధవారం, 7

9.00 పదకొండు ఖాళీలు. బయట మైనస్ ఇరవై. బుర్ర కూడా గడ్డకట్టింది.

10.15 నియమాలు మళ్లీ చదివాను. "అడగకూడదు" అంటే ఇంట్లోవాళ్లని. లైబ్రరీ ఇంట్లో లేదు కదా! అక్కడ ఏ సందేహానికైనా ఫోన్లో జవాబు చెబుతారు. కొరీన్ అక్కడ సేవ చేసేది గురువారాలే. భయం లేదు.

10.20 పేరు పెటిగ్రూ అని చెప్పాను. మాది దక్షిణాదిన జార్జియా అన్నాను. అక్కడి యాసలో గొంతు బెల్లప్పాకంలా సాగదీశాను. డాగ్మర్ అనే ఆవిడ తుమ్ముతూ తుమ్ముతూ అన్నీ చెప్పింది. పజిల్ పూర్తి!

గురువారం, 8

కొరీన్ లైబ్రరీకి వెళ్లింది. ఇవాళ ఫోన్ చేసే దారి లేదు.

11.00 "నైలు నది పక్షి, నాలుగు గళ్లు!" అని వంటింటివైపు తిరిగి గట్టిగా చదివాను. ఎవరూ పలకలేదు. ఆవిడ లేదన్న సంగతే మరిచిపోయాను. ఇల్లు బావురుమన్నట్టుంది. దిగులేసింది.

11.30 గురువారం పజిల్లో ఎప్పుడూ ఏదో తిరకాసు ఉంటుందట. అన్యాయం. ఇది లెక్కలోకి రాదు.

శుక్రవారం, 9

కొరీన్ పొద్దున్నే "పని మీద వెళ్తున్నా" అని బయల్దేరింది. సరిగ్గా పదింటికి లైబ్రరీకి ఫోన్ కొట్టాను.

"లైబ్రరీ. చెప్పండి, ఏం కావాలి?"

కొరీన్ గొంతు!! డాగ్మర్‌కి జలుబు ముదిరినట్టుంది. ఫోన్ పెట్టేద్దామనుకున్నాను. కానీ పెటిగ్రూ లాంటి పెద్దమనిషి అలా పెట్టేస్తాడా?

"నమస్కారం మేడమ్. నన్ను పెటిగ్రూ అంటారు, మాది జార్జియా. తమరికి శ్రమ కాకపోతే... ఎగరలేని పక్షి, పొడుగు కాళ్లు, మూడు గళ్లు?"

వెనకాల మా గోడగడియారంలో కోయిల కూయడం మొదలెట్టింది. పదిసార్లు! అటువైపు గొంతు సవరించుకున్న చప్పుడు.

"కోడి అండీ. హెచ్, ఇ, ఎన్," అంది కొరీన్.

"కోడికి పొడుగు కాళ్లా మేడమ్?"

"జార్జియా కోళ్లు పొట్టివేమో. మా మిన్నెసోటావి పొడుగేనండి."

"ఎంత బాగా చెప్పారు! థాంక్స్ మేడమ్. మరి చెక్కతో చేసిన ఊదే వాయిద్యం, నాలుగు గళ్లు?"

"ట్యూబా."

"అది ఇత్తడిది కదండీ?"

"మొదట్లో చెక్కదేనండి. ఇత్తడి తర్వాతొచ్చింది."

"మీ రుణం తీర్చుకోలేను. థాంక్స్!"

నన్ను గుర్తుపట్టలేదు! నేను నాటకాల్లో ఉండాల్సినవాణ్ణి.

11.00 అడ్డానికీ నిలువుకీ పొత్తు కుదరడం లేదు. పజిల్ తయారుచేసినవాడు తాగి చేసినట్టున్నాడు. పెన్ను గట్టిగా నొక్కి రాసేశాను.

6.00 చేపముక్క నమలుతూ కొరీన్ అంది: "ఇవాళ పెటిగ్రూ అని ఎవరో ఫోన్ చేశారు. ఎంత మర్యాదస్తుడో!" నాకు పొలమారింది.

శనివారం, 10

పేపర్లో నిన్నటి జవాబులొచ్చాయి. పక్షి ఎమూ. వాయిద్యం ఓబో. కోడీ లేదు, ట్యూబా లేదు!

నేను నింపిన పజిల్‌ని కొరీన్ ఆ జవాబుల పక్కన పెట్టి చూస్తోంది. "ఏం పెటిగ్రూ గారూ, మా కోళ్లు ఎలా ఉన్నాయి?"

"ఎప్పుడు కనిపెట్టావ్?"

"కోయిల కూసినప్పుడు. ఆ గడియారం మా అమ్మమ్మది హార్లన్!"

కళ్లమ్మట నీళ్లొచ్చేదాకా నవ్వింది.

"మరి అప్పుడే తిట్టి ఫోన్ పెట్టేయకపోయావా?"

నవ్వు ఆపేసింది. "పెటిగ్రూ జవాబు జవాబుకీ థాంక్స్ చెప్పాడు. ముప్పయ్యొక్క ఏళ్లలో నువ్వు ఒక్కసారీ చెప్పలేదు. ఇంకాసేపు విందామనిపించింది."

సిగ్గేసింది. ఇవాళ్టి పజిల్ ముట్టుకోలేదు.

ఆదివారం, 11

చర్చి భోజనాల్లో లేచి నిలబడ్డాను. "చెప్పేది మా ఆవిడ. నేను రాతగాణ్ణి, అంతే" అన్నాను. పాస్టరు చప్పట్లు కొట్టాడు. కొరీన్ మొహం ఎర్రబడింది. "ఇక కూర్చో. తిండి చల్లారిపోతోంది" అంది.

థాంక్స్ మాత్రం చెప్పలేకపోయాను. నా సొంత గొంతుతో ఆ మాట పెగలలేదు.

సోమవారం, 12

7.00 కొత్త వారం, కొత్త పెన్ను! ఆరు పజిళ్లూ ఒంటరిగానే. ఈసారి తిరుగులేదు!

7.20 జోరుగా సాగుతోంది.

7.31 ఆగింది.

7.40 వంటింటివైపు తిరిగాను. "కొరీన్, థాంక్స్."

"దేనికి? ఇంకా నువ్వు అడగనేలేదుగా?"

"ఇవాళ్టికి కాదు. ఇన్నాళ్లవాటికి."

కుళాయి చప్పుడు ఆగింది. తర్వాత చేతులు తుడుచుకుంటూ వచ్చి, నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఎన్ని గళ్లు?" అంది.

8.05 సవరణ: నిర్ణయం రేపట్నుంచి అమలు. ఒంటరిగా. పెన్నుతో. పెన్సిల్ ఎక్కడుందో కొరీన్‌ని అడగాలి.