తుమ్ముతో కలిసిన చుట్టరికం

సారం, పుదుచ్చేరి, 1911

వేదవల్లక్కకు ఆదికేశవన్ దండాలు. పిల్లలు బాగున్నారు, నాకే ఓపిక చచ్చింది.

ఐరోపాలో కార్పాతియా కొండల్లోని ఒక పల్లె నుంచి ముసలి దొరసాని దిగింది. ఫ్రెంచి పరాసుల పటాలంలో చేరి ఇక్కడే ఉండిపోయిన తన తాత తమ్ముడి సంతతిని వెతకాలట. దుబాసినని నాకు అంటగట్టారు. సమాధులన్నీ తిప్పి చెప్పులు అరగదీసుకున్నాను.

నిన్న ఆమె మన ఇంటి నుంచి బయల్దేరుతుంటే పక్కింటి తాయమ్మాళ్ తుమ్మింది. నీ మరదలు "యాడికి పోతావు, కూచోమ్మా, నీళ్లు తాగి పోదువు" అంటూ చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. దొరసాని భోరున ఏడ్చింది. ప్రయాణానికి ముందు అలా కూర్చోవడం వాళ్ల కొండల్లో ఆచారమట, కనుక మనమే ఆమె చుట్టాలమట. తుమ్ము సంగతి ఎంత చెప్పినా చెవికెక్కదు.

శుక్రవారం నిన్ను చూడటానికి మీ ఊరు ఏంబలం వస్తుంది. మాట వరసకైనా అవునని తలూపకు. బావ దగ్గు తగ్గిందా? కొత్త చింతపండు పంపు.

ఆమెకు వాళ్ల ఊళ్లో ఎవరూ మిగల్లేదట. వెళ్లేటప్పుడు ఎవరూ తుమ్మకపోయినా కాసేపు కూర్చోబెట్టి పంపు.