గోడచాటు నెట్‌వర్క్

మార్చి 4, మంగళవారం

పన్నెండేళ్ళ సర్వీసు. ఈ రోజు నుంచి నా పని టైపింగ్.

ఆసుపత్రిలో నర్సుల చేతుల్లో నూట నలభై టాబ్లెట్లు ఉన్నాయి. ఏ రోగికి ఏ మందు ఎప్పుడిచ్చారో వాటిలోనే ఎక్కిస్తారు. ఇకపై వార్డుల వైఫై పేరు ఎవరికీ కనపడకూడదని మా టీమ్ లీడ్ గారి ఆజ్ఞ. పేరు దాచేస్తే అది లిస్టులో రాదు, వేలు పెట్టి నొక్కడానికి ఏమీ ఉండదు. ఒక్కో టాబ్లెట్ పట్టుకుని యాడ్ నెట్‌వర్క్‌లోకి వెళ్ళాలి. పేరు కొట్టాలి, సెక్యూరిటీ రకం ఎంచాలి, పాస్‌వర్డ్ కొట్టాలి, హిడెన్ అన్నచోట ఎస్ పెట్టాలి. నూట నలభై సార్లు. నేను.

లీడ్ గారంటే ఎవరో కాదు, నా శిష్యరత్నం. కేబుల్ కొయ్యడం రాక వేలు కోసుకున్ననాడు వాడికి ప్లాస్టర్ వేసింది నేను. ఏకు మేకై కూర్చోవడమంటే ఇదే.

మార్చి 5

ఆరేళ్ళు అక్కా అక్కా అంటూ వెంట తిరిగిన నోరు. ఈ రోజు మీటింగ్‌లో నన్ను మేడమ్ అన్నాడు.

మార్చి 11, మధ్యాహ్నం

రెండో అంతస్తు అయింది. మెడ పట్టేసింది.

ఎక్కడా రాసుకోలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. నవంబర్ 19న సర్వర్ రూమ్‌లో మెయిన్ స్విచ్, అంటే కంప్యూటర్లన్నిటినీ కలిపే పెట్టె, ఆగింది. రెండు నిమిషాలే ఆగింది గానీ, మిగతావన్నీ మళ్ళీ లేచేసరికి మూడు గంటలు పట్టింది. ఆసుపత్రి మొత్తం స్తంభించిపోయింది. ఆ రోజు డ్యూటీ నాది. అదే రోజు చెల్లికి పురుడు. పొద్దుటి నుంచి నా ప్రాణం ఫోన్‌లోనే ఉంది. బిడ్డ అడ్డం తిరిగిందని మరిది, ఆపరేషన్ అంటున్నారని అమ్మ, ఒకరి తర్వాత ఒకరు ఫోన్లు. స్విచ్ ఆగినప్పుడు నేను ఎక్కడో కారిడార్‌లో ఉన్నాను. దాని జోలికి పోలేదు.

విచారణ చేసి రిపోర్టు రాసింది వీడు. నాకది చూపించలేదు. స్టోర్ కీపర్ నోట్లో నువ్వుగింజ నానదు, ఆయనే చెప్పాడు: నీ మీదే రాశాట్టమ్మా, ఆయనకి లీడ్ పోస్టు ఖాయమట అని. వారం తిరక్కుండా నా లీడ్ కుర్చీలో వాడున్నాడు.

సర్వర్ రూమ్ తాళం మా ఇద్దరి దగ్గరే ఉండేది. నేను కాకపోతే ఇంకెవరు? లెక్క తేలడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

మార్చి 12

మా ఆయన మర్చిపొమ్మంటున్నారు. ఆయనదేం పోయింది, కుర్చీ పోయింది నాది.

ఏప్రిల్ 2

హెడ్ నర్స్ గొడవ. టాబ్లెట్ ఊరికే బ్యాటరీ తినేస్తోంది, నువ్వేదో చేశావు అంది. నేను చేసింది కాదమ్మా, నాతో చేయించింది అన్నాను. పేరు చెప్పే రూటర్ అయితే తనే అరుస్తుంది, టాబ్లెట్ వింటుంది. రూటర్ నోరు కట్టేస్తే ఆ అరుపు టాబ్లెట్ అరవాలి. ఉన్నావా, ఉన్నావా అని పేరు పెట్టి పిలుస్తూ ఉంటుంది. లిఫ్ట్‌లో, మెట్ల మీద, క్యాంటీన్‌లో. దాచిన పేరును ఊరంతా చాటుతుంది. ఇది భద్రతట.

ఆవిడ నవ్వి, మా ఇంటాయన కూడా అంతే, కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని నన్ను కేకలేస్తాడు అంది.

నేనూ నవ్వాను. చాలా నెలలైంది.

ఈ పాఠం వాడికి చెప్పింది కూడా నేనే. సర్వర్ రూమ్‌లో చిన్న రూటర్ పెట్టి, దాని పేరు దాచి, 'గోడచాటు' అని నేనే పేరు పెట్టాను. వాడి ఫోన్‌లో, నా ఫోన్‌లో చేత్తో కొట్టి కలిపాం. ఆ గదిలోకి వెళితే అతుక్కుంటుంది, బయటకొస్తే ఊడుతుంది. వాడు చిన్నపిల్లాడిలా పదిసార్లు లోపలికీ బయటికీ తిరిగాడు. ఆ రూటర్ ఇంకా అక్కడే ఉందనుకుంటాను.

మే 19

నూట నలభై పూర్తి. మధ్యలో కలవనివి ఇరవై రెండు. కొన్నింట్లో సెక్యూరిటీ రకం తప్పు, కొన్నింట్లో హిడెన్ దగ్గర నో. అన్నీ నేనే సరిచేశాను. వాడు ఒక్కసారి కూడా వార్డులోకి రాలేదు. ఒక్క టాబ్లెట్ కూడా ముట్టుకోలేదు.

ఇది గుర్తు పెట్టుకోవాలి. పనికొస్తుంది.

జూన్ 6, శుక్రవారం

దేవుడనేవాడున్నాడు.

పదో తారీఖున తనిఖీ బృందం వస్తోంది. ఆ పొద్దున్నే వాడు వార్డుల పాస్‌వర్డ్ మారుస్తాడట. పాత పాస్‌వర్డ్ ఆరు నెలలు దాటకూడదని రూలు. తన గదిలోంచి రూటర్లలో ఒక్క దెబ్బకి మార్చేస్తాడట. టాబ్లెట్లు వాటంతటవే కొత్త పాస్‌వర్డ్ అడుగుతాయి, నర్సులు టైప్ చేస్తారు, పది నిమిషాల పని అన్నాడు.

మామూలు నెట్‌వర్క్ అయితే అడుగుతాయి. లిస్టులో పేరుంటుంది, నొక్కితే అడుగుతుంది. ఇది లిస్టులోనే లేదు. నర్సు దేన్ని నొక్కుతుంది? ఆ పాత టాబ్లెట్లు నోరు మెదపకుండా ఊరుకుంటాయి. ఒక్కొక్కదాన్లో పాతది ఫర్గెట్ కొట్టి, మళ్ళీ మొదటి నుంచి చేత్తో కలపాలి. నూట నలభై. ఈ సంగతి తెలిసింది ఆసుపత్రి మొత్తంలో నాకొక్కదానికే.

అందరి ముందూ అడిగాడు. ఇందులో ఇబ్బందేమైనా ఉందా మేడమ్ అని.

ఏం లేదు సార్ అన్నాను.

సార్ అనడం అదే మొదటిసారి. నాలుక మీద తియ్యగా ఉంది.

జూన్ 9

అన్నం సయించలేదు. భయం కాదు, ఆత్రం.

జూన్ 10, ఉదయం 8.40

మార్చాడు. ఒకటి, రెండు, మూడు అంతస్తులు పోయాయి.

10.15

వాడు మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉన్నాడు. చొక్కా వీపంతా తడిసింది. తనిఖీ వాళ్ళు కింద కుర్చీల్లో కూర్చుని గడియారం చూస్తున్నారు, వాళ్ళ ముందు పాత పాస్‌వర్డ్ తిరిగి పెట్టలేడు. నేను నా బల్ల దగ్గర కుక్కిన పేనులా ఉన్నాను. పిలిస్తే వెళదామని.

11.05

పిలిచాడు. గొంతు తగ్గించి, ఏదో ఒకటి చెయ్యండి మేడమ్ అన్నాడు. చేత్తో కలపాలి సార్, టైం పడుతుంది అన్నాను. అప్పుడు నా మొహం చూశాడు. అర్థమైంది వాడికి. అర్థం కావాలనే కదా.

సాయంత్రం 5

నర్సులకి కూడా చూపించి, చేత్తో అన్నీ కలిపేసరికి ఒకటిన్నర అయింది. పొద్దున్న తొమ్మిది నుంచి అప్పటిదాకా అందరూ కాగితాల మీద రాసుకున్నారు. పిల్లల వార్డులో ఒక జ్వరం పాపకి పొద్దున ఇచ్చిన మందే, డ్యూటీ మారాక ఇంకో నర్సు మళ్ళీ ఇవ్వబోయింది. హెడ్ నర్స్ చెయ్యి పట్టుకుని ఆపింది. పాపకేం కాలేదు. ఏం కాలేదు. తనిఖీ వాళ్ళు అది కళ్ళారా చూశారు.

పాస్‌వర్డ్ మార్చింది వాడు. పేరు దాచింది వాడు. పాప సంగతి వాడే చూసుకోవాలి.

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు.

జూన్ 13

వాడిని తీసేశారు. అట్టపెట్టె ఒకటి చేత్తో పట్టుకుని వెళ్ళాడు. నా బల్ల దగ్గర ఆగాడు గానీ నేను తల ఎత్తలేదు. కడుపు చల్లబడిందని రాద్దామనుకున్నాను. పూర్తిగా చల్లబడలేదు.

జూన్ 18

నా కుర్చీ నాకు ఇచ్చారు. ఎత్తు వాడికి తగ్గట్టు ఉంది, కాళ్ళు నేలకి అందడం లేదు. లివరు బిగుసుకుపోయింది. రేపు ఎవరినైనా పిలవాలి.

లాగ్‌లు, అంటే ఎప్పుడేం జరిగిందో యంత్రాలు రాసుకునే చిట్టాలు, తెరిచే పాస్‌వర్డ్ కూడా ఇచ్చారు.

జూన్ 24

వాడు ఫోన్ చేశాడు. అక్కా అన్నాడు. ఇంకో ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చేలా ఉందట, వాళ్ళు నా మాట అడుగుతారట, ఒక మంచి ముక్క రాయమన్నాడు. చూద్దాం అన్నాను.

మంచి ముక్కే రాస్తాను. నవంబర్ 19న సర్వర్ రూమ్‌లో వాడే ఉన్నాడని రుజువుతో సహా రాస్తాను. గోడచాటు రూటర్ లాగ్ ఉంటుంది. కలిపిన ఫోన్ ఏది ఆ గదిలోకి వచ్చినా అందులో టైముతో పడుతుంది. రెండే ఫోన్లు కలిపాం. రేపు తెరుస్తాను. ఇక జన్మలో ఏ నెట్‌వర్క్ ముట్టుకోడు.

జూన్ 25, ఉదయం 9.50

తెరిచాను.

స్విచ్‌కి కరెంటు పోయింది 11.09. వచ్చింది 11.11.

వాడి ఫోన్ ఆ రోజంతా గోడచాటులో లేనే లేదు.

నా ఫోన్ కలిసింది 11.08. ఊడింది 11.14.

10.30

టైం తప్పేమోనని మూడుసార్లు చూశాను. తప్పు కాదు.

గుర్తొచ్చింది. ఫోన్ నాలుగు శాతంలో ఉంది. చెల్లిని థియేటర్‌లోకి తీసుకెళ్ళి అరగంటైంది, ఇంకా ఏమీ తెలియలేదని అమ్మ ఏడుస్తోంది. దగ్గర్లో ప్లగ్గు ఉన్న గది అదొక్కటే. తాళం తీశాను. ప్లగ్గులన్నీ నిండి ఉన్నాయి. ఒకటి పీకి నా చార్జర్ పెట్టాను. ఆడపిల్ల, ఇద్దరూ క్షేమం అని అమ్మ అరిచింది. ఏడ్చాను. పీకిన ప్లగ్గు మళ్ళీ పెట్టేశాను కూడా. అది ఏ ప్లగ్గో చూడలేదు. ఆ తర్వాత బిడ్డ తప్ప నాకు ఏదీ గుర్తు లేదు.

నేను మర్చిపోయాను. నా జేబులో ఫోన్ మర్చిపోలేదు. తలుపు దాటగానే అది పేరు పెట్టి పిలిచింది, రూటర్ రాసుకుంది. చంకలో పిల్లని పెట్టుకుని ఏడు నెలలు ఊరంతా వెతికాను.

10.55

కింద ఇంకో లైను ఉంది. ఈ లాగ్ ఇంతకు ముందు ఒక్కసారే తెరిచారు. నవంబర్ 20, ఉదయం. వాడి లాగిన్.

మధ్యాహ్నం 2

ఫైలు రూమ్‌కి వెళ్ళి వాడి రిపోర్టు తీయించాను. ఒకటే పేజీ. చివర: స్విచ్‌కి కరెంటు ఎందుకు పోయిందో తేలలేదు.

నా పేరు ఎక్కడా లేదు. డ్యూటీ చార్టు చూసి నన్ను లీడ్ పోస్టులోంచి తీసేసింది డైరెక్టర్ అని పక్క కాగితంలో ఉంది. వాడు అన్నీ చూసి, అంతా తెలిసి, తేలలేదని రాశాడు.

జూన్ 26

ఆ జ్వరం పాప సంగతి వాడిది కాదు. నాది.

జూన్ 30

డైరెక్టర్ దగ్గరికి వెళ్ళి లాగ్ కాగితం ముందు పెట్టాను. అంతా చెప్పాను. ప్లగ్గు సంగతి, ఏం లేదు సార్ అన్న సంగతి. ఆయన చదివి, తనిఖీ వాళ్ళకి ఒక మనిషిని చూపించేశాం కదమ్మా, పాతది ఇప్పుడెందుకు అన్నారు. కాగితం డ్రాయర్‌లో పెట్టారు. నా జీతం, నా కుర్చీ ఎక్కడివక్కడే. చేతులు కాల్చుకుందామని వెళితే నిప్పే ఆర్పేశారు.

ఆ ఇంకో ఆసుపత్రికి మెయిల్ రాశాను, జరిగింది జరిగినట్టు. ఆ పోస్టు పోయిన వారమే నిండిపోయిందని జవాబు.

జూలై 2

వార్డుల వైఫై పేరు మళ్ళీ కనపడేలా పెట్టాను. రోగుల బంధువులు పాస్‌వర్డ్ అడుగుతున్నారు. హెడ్ నర్స్ తిట్టింది.

జూలై 4

ఫోన్ చేశాను. అక్కా అన్నాడు. చెప్పాను.

మీ చెల్లి పాపకి పళ్ళు వచ్చాయా మేడమ్ అని అడిగాడు.