ఆ పేజీ చింపితే ఇంజను ఇవ్వను

ఈ గల్ఫు దేశంలో, ఘుబ్రాలో కూతురు ఫేబా దగ్గర ఉంటున్న రిటైర్డు నర్సు కొల్లాబత్తుల దెబోరా అనే నేను, నా అరవై నాలుగో ఏట, ఎవరూ చెప్పకుండా, ఎవరు వద్దన్నా వినకుండా రాసుకున్న వీలునామా ఇది. షుగరుంది గానీ మతికేం లోటు లేదు. దీన్ని ఫేబా అమలు జరపాలి.

1. అజైబా సముద్రపు ఒడ్డున మా వాలంటీర్ల రక్షణ బోటుకున్న ఇంజను నేను కొన్నది. నా తదనంతరం అది మా రక్షణ స్టేషనుకే చెందుతుంది. షరతు ఒక్కటే, మా రిజిస్టరులో మొదటి పేజీ ఉండాలి. వార్షికోత్సవానికి "ఒక్క ప్రాణమూ పోలేదు" అని బోర్డు రాయించి, ఆ పేజీ తీసేయమంటున్నారు చైర్మన్ ప్రీతమ్ గారు. తీసిన రోజే బోటు నడిపే అబ్దుల్ వహాబ్ ఇంజను విప్పుకుని తన చేపల పడవకు బిగించుకోవచ్చు. ప్రీతమ్ గారు తెడ్లు వేసుకుంటారు.

2. ఆ పేజీ సంగతి అందరికీ తెలియాలి. పదహారేళ్ల కిందట ఓ శుక్రవారం బిల్డింగు సైట్ కుర్రాళ్లు స్నానానికి దిగి కొట్టుకుపోయారు. అప్పటికి స్టేషనూ లేదు, పాడూ లేదు. వహాబ్ తన పడవలో వెళ్లి ఆరుగుర్ని తెచ్చాడు. ఒడ్డున నర్సుని నేనొక్కదాన్నే. ఫోర్‌మన్ వాళ్ల బతాకాలు, అదే రెసిడెంటు కార్డులు, నా చేతిలో పెట్టాడు. ఆరు కార్డులు, ఆరుగురు మనుషులు. "అందరూ వచ్చేశారు" అన్నాను. వహాబ్ పడవ ఒడ్డుకు లాగేశాడు. ఏడోవాడు ఇస్తారికి బతాకా లేదు. పోలీసులొస్తారని తోటివాళ్లు నోరు మెదపలేదు. ఆ ఆరుగురిలో చిన్నవాడు కుమార్ ఏడుస్తూ చెప్పేసరికి నీళ్ల మీద ఎవరూ లేరు. ఆ తర్వాతే స్టేషను పెట్టుకున్నాం. ఇప్పుడు మేం తలలే లెక్కపెడతాం. కార్డు అడిగినవాణ్ణి ఒడ్డు మీంచి తరిమేస్తాం.

3. కుమార్‌కి నా విజిలు, టీ ఫ్లాస్కు. చిన్నవాడివి, భయపడ్డావు, అంతేరా. ఏడ్చింది చాలు. ఒడ్డున లెక్క ఇక నీది.

4. జగిత్యాల దగ్గరున్న ఇస్తారి భార్య దేవవ్వకు నా రెండు గాజులు. ఫేబా, మొహం ముడుచుకోకు, నీకు ఊళ్లో ఇల్లిచ్చాను.

5. నా సమాధి దగ్గర ప్రీతమ్ గారి ప్రసంగం వద్దు.

6. ఆఖరుది. ఆ పేజీలో ఇస్తారి పేరు రాసి, "ఒడ్డున లెక్కపెట్టినవారు" అన్న గడి ఖాళీగా వదిలేశాను. ప్రీతమ్ గారిని తిడుతున్నాను గానీ, పదహారేళ్లు దాచింది నేను కూడా. సిగ్గేసింది. ఈ ఉదయం బోటు షెడ్డుకెళ్లి ఆ గడిలో నా పేరు రాసి, సంతకం పెట్టాను. ఇదిగో, ఇక్కడ పెట్టిన సంతకమే అక్కడా ఉంది.

14 నవంబరు 2025, శుక్రవారం, ఘుబ్రా

(సంతకం) కొల్లాబత్తుల దెబోరా

సాక్షులు:
సునీత, నర్సు
ఫజల్, అజైబా ఒడ్డున టీ కొట్టు