పేజీకి కుడిపక్క ఖాళీ

వోల్డెన్, నార్త్ డకోటా
అక్టోబరు 9

ప్రియమైన మార్లిస్‌కి,

ఫోన్ చేసి చెప్పవలసిన విషయమే ఇది. కానీ ఫోనులో నువ్వు ముందు నవ్వేస్తావు, ఆ నవ్వుకి నేను ఫోను పెట్టేస్తాను. నలభై ఏళ్లుగా మన మధ్య జరుగుతున్నది అదే. అందుకని ఉత్తరం రాస్తున్నాను. చివరిదాకా చదివి ఆ తరవాత తిట్టు.

నీ వంటల వెబ్‌సైట్‌కి వచ్చేవాళ్లు తగ్గకపోయినా రాబడి సగానికి పడిపోయిందనీ, కారణం అంతు పట్టడం లేదనీ, ఇలాగే ఉంటే కొత్త సంవత్సరంలో దాన్ని మూసేసి డెబ్బై మైళ్ల దూరంలో ఏదో కొట్లో పనికి కుదురుతాననీ మా ఊరి బెర్నడీన్‌తో అన్నావట. తుంటి విరిగిన డ్వేన్‌ని, కట్టుకున్నవాణ్ణి, పగలంతా ఒంటరిగా వదలాలి కదా అని కళ్లనీళ్లు పెట్టుకున్నావట. ఆ కారణం నీకు తెలియదు. నాకు తెలుసు. నేనే.

మొదట చేసిన పని మంచిదే. మార్చిలో ఓర్విల్ హాగన్ మా లైబ్రరీలో గోధుమ ధర చూస్తుంటే తెరంతా ఎర్రబడి, మీ కంప్యూటర్‌కి వైరస్ పట్టింది, వెంటనే ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి అని గోల పెట్టింది. ఓర్విల్‌కి డెబ్బై తొమ్మిదేళ్లు. నిజమనుకుని చేశాడు. నేను వెళ్లేసరికి బ్యాంకు కార్డు తీసి అంకెలు చదవబోతున్నాడు. ఆ ఎర్ర తెర ఒక యాడ్. లైబ్రరీ మూసే లోపల ఆరు కంప్యూటర్లకీ యాడ్లు తెర మీదకి రాకుండా ఆపే యాడ్ బ్లాకర్ పెట్టాను. ఆ పనికి ఎవరికీ సంజాయిషీ ఇవ్వను.

రెండోసారి చేసిన పని వేరు. మేలో ముసలి ఎల్సీ పోయినప్పుడు చర్చి కింది హాల్లో భోజనాలు పెట్టాం. నేను కాఫీ పోస్తున్నాను. బెర్నడీన్ వచ్చి మా లైబ్రరీలో తీసుకున్న ప్రింటు కాగితం ఒకటి నా చేతిలో పెట్టింది.

"అడిలీన్, నువ్వు దోసకాయలు ఊరబెడతావుగా, ఇది చూడవే. వచ్చే జూన్ దాకా మెత్తబడవు. కరకరలాడతాయి. మీ మార్లిస్ బుర్రే బుర్ర!"

"ఏముంది ఇందులో?"

"సీసా అడుగున అడవి ద్రాక్ష ఆకు వెయ్యాలట. అలాంటి ఆలోచన ఎవరికి తడుతుంది చెప్పు?"

నాకు తట్టింది, మార్లిస్. నాకు ఇరవై మూడేళ్లప్పుడు. మొదటి వేసవి ఓక్ ఆకు వేశాను, చేదొచ్చింది. రెండో వేసవి గుర్రపుముల్లంగి ఆకు వేశాను, ఘాటెక్కి నాన్న నోట పెట్టలేదు. మూడో వేసవి నది గట్టున దోమలు కుడుతుండగా ఈ ఆకు కోసుకొచ్చాను. నువ్వు అప్పుడు గోళ్లకి రంగు ఆరబెట్టుకుంటూ మెట్ల మీద కూచున్నావు.

"ముఖం అలా పెట్టావేంటే?" అంది బెర్నడీన్. "కొంపదీసి కుళ్లుకుంటున్నావా?" అని నవ్వింది. నేనూ నవ్వి ఆమె కప్పు అంచుదాకా నింపాను.

మర్నాడు లైబ్రరీ తెరవగానే నీ పేజీలన్నీ వరసగా చదివాను. ఊరగాయ కింద రెండువందల పన్నెండు మంది మెచ్చుకుంటూ రాశారు. టెక్సాస్ నుంచి ఒకావిడ నీ చేతులు ఎంత బాగున్నాయో అని రాసింది. బాగానే ఉంటాయి, నీ చేతులు ఎప్పుడూ బాగానే ఉన్నాయి. పుల్లటి రూబార్బ్ కాడలు పెట్టి కాల్చే తీపి రొట్టె నాది. పిండి ముద్దల పులుసులో చివర వేసే వెన్న నాది. అన్నిచోట్లా "మా ఇంట్లో ఇలా చేస్తాం" అని రాశావు. ఆ ఇంట్లో ఎవరు చేసేవారో ఒక్కచోట కూడా లేదు. పేజీకి కుడిపక్క పైనుంచి కిందిదాకా తెల్లటి ఖాళీ. అంత చోటుండి కూడా అక్క పేరు రాయడానికి చోటు దొరకలేదా అనుకున్నాను.

నా ఆకుపచ్చ కోటు గుర్తుందా? కోళ్లఫారంలో రెండు వేసవి సెలవులు పనిచేసి కొనుక్కున్నాను. రెండేళ్ల తరవాత నువ్వు వేసుకుని బడికి వెళితే అందరూ మార్లిస్ కోటు అన్నారు. నా ఒంటి మీద ఉన్నప్పుడు దాన్ని ఎవరూ చూడలేదు. అరవై మూడేళ్ల మనిషిని, ఇంకా ఆ కోటు తలుచుకుంటున్నానంటే సిగ్గుగానే ఉంది. కానీ ఉన్నమాట.

ఆ వారం నుంచి మంగళవారం కంప్యూటర్ తరగతిలో యాడ్ బ్లాకర్ ఎలా పెట్టుకోవాలో నేర్పడం మొదలుపెట్టాను. ఎవరి ఇంట్లో కంప్యూటర్‌కి వాళ్లు, ఎవరి ఫోనుకి వాళ్లు. ఎదురుగా చూపించడానికి ఒక పేజీ కావాలి కదా. నీ పేజీ చూపించాను. ఎన్ని యాడ్లు ఆపిందో బ్లాకర్ తెర మూలన అంకె వేసి చూపిస్తుంది. "ఒక్క దోసకాయ కోసం ఎన్ని మోకాళ్ల తైలాలు దాటాల్సి వచ్చేదో చూడండి" అని ఆ అంకె చూపించాను. బాగా నవ్వారు.

బడిలో లెక్కలు చెప్పి రిటైరైన లొరెయిన్ మాత్రం నవ్వలేదు. "మరి ఆ పిల్లకి డబ్బెలా వస్తుంది? చూసేవాళ్లకి ఊరికే ఇస్తోందిగా?" అంది.

"ఊరికే ఇస్తే ఊరికే తీసుకుంటాం" అన్నాను.

"ఊరికే కాదమ్మా. యాడ్ చూస్తే ఊరికే. చూడకపోతే దొబ్బుకుపోవడం."

ఎల్‌రాయ్ అందుకున్నాడు. "అయితే నేను పెద్ద దొంగనే. రేడియోలో యాడ్ రాగానే కొట్టంలోకెళ్లి ఆవుల్ని చూసొస్తా. పట్టుకెళ్లి జైల్లో పెట్టించు."

ఎల్‌రాయ్ అన్నది తప్పని నాకు ఇప్పటికీ తోచదు. నా కళ్లు నావి, ఎటు చూడాలో నా ఇష్టం. ఎర్ర తెరతో ముసలాణ్ణి దోచుకోబోయిన వాళ్లకి నేను బాకీ ఏమీ లేను. కానీ నేను ఆ న్యాయం కోసం చెయ్యలేదు. అదీ నేను చెప్పాలనుకున్నది. బొమ్మలతో ఒక కాగితం తయారుచేస్తే, రాష్ట్రంలోని నలభై చిన్న లైబ్రరీలు దాన్ని నకలు తీసుకున్నాయి. నలభై చోట్లా ఉదాహరణ నీ పేజీయే. నీ పేజీ చదివేవాళ్లు ఎవరు? ఆ ఊళ్ల ఆడవాళ్లే. కొత్త లైబ్రరీ నుంచి ఉత్తరం వచ్చినప్పుడల్లా నాకు కాఫీ తియ్యగా ఉండేది.

క్షమించమని అడగడం లేదు. నా పేరు ఎందుకు రాయలేదో చెప్పు. అది తెలిశాక ఆ కాగితం వెనక్కి తీసుకోవాలో లేదో ఆలోచిస్తాను.

అడిలీన్


ఆల్డర్ ఫోర్క్
అక్టోబరు 16

యాడ్ అక్కా,

నవ్వలేదు. రెండుసార్లు చదివాను, రెండుసార్లూ నవ్వలేదు. డ్వేన్‌కి ఇస్తే చదివి, "మీ అక్క నడిపేది లైబ్రరీయా, పటాలమా?" అన్నాడు. అతని మీద అరిచాను. నిన్ను అనే హక్కు నాకే ఉంది.

ముందు ఒక పని చెయ్యి. నీ బ్లాకర్ ఆపి ఊరగాయ పేజీ తెరువు. కుడిపక్క చూడు. ఆ తరవాత మిగతాది చదువు.

చూశావా? నీ పేరు రాసిన ఆ డబ్బా మొదటిరోజు నుంచీ ఉంది. రూబార్బ్ పేజీలో ఉంది, పులుసు పేజీలో ఉంది. నువ్వు చేసినవి పదిహేడు, పదిహేడింటికీ ఉంది. నీకు ఎందుకు కనబడలేదో నాకు మొదట అర్థం కాలేదు. మా హైస్కూల్లో కంప్యూటర్లు చెప్పే టీచరమ్మ దగ్గరికి వెళ్లి అడిగాను. పేజీ కట్టేటప్పుడు ప్రతి డబ్బాకీ లోపల ఒక పేరు పెట్టాలి. అది చదివేవాళ్లకి కనిపించదు, కంప్యూటర్‌కే తెలుస్తుంది. ఫోటోల డబ్బాకి ఫోటో అని పెట్టాను. నీ డబ్బాకి నీ పేరు పెట్టాను. అడిలీన్ అనడానికి నోరు తిరగని వయసు నుంచి నిన్ను ఏమని పిలుస్తున్నానో అదే. యాడ్. నీ బ్లాకర్ ఆ పేరు చూసి, ఇదీ ఒక యాడే అనుకుని, నిన్ను కూడా మోకాళ్ల తైలంతో పాటు ఊడ్చి పారేసింది. టీచరమ్మ కుర్చీలోంచి పడిపోయేలా నవ్వింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

నువ్వు మేలోనే ఒక్క ఫోన్ చేసి, "ఏమే, నా పేరేదీ?" అని అడగాల్సింది. నవ్వేదాన్నే. నవ్వి, చూపించేదాన్ని. నువ్వు అయిదు నెలలు కాఫీ తియ్యగా తాగావు. నేను ఆ అయిదు నెలలూ నా వంటల్లో ఏం తప్పు జరిగిందా అని ఒక్కో పేజీ తిరిగి రాసుకుంటూ కూచున్నాను. దానికి కోపం ఉంది. అది ఒక్క ఉత్తరంతో పోదు.

కోటు సంగతి రాశావు కాబట్టి నేనూ చెబుతాను. మన ఇంట్లో నాకు కొత్త కోటు ఎప్పుడూ కొనలేదు. నువ్వు విడిచిన కోటు, నువ్వు విడిచిన బూట్లు, నువ్వు కనిపెట్టిన ఊరగాయ. ఫోటో తీయడం తప్ప నేను సొంతంగా కనిపెట్టింది ఏదీ లేదు. ఎవరైనా "ఎలా తట్టింది?" అని రాసినప్పుడల్లా ఒక్క నిమిషం నాకే తట్టినట్టు ఊరుకోవాలనిపిస్తుంది. ఊరుకోలేదు. కానీ అనిపిస్తుంది.

ఇంకో సంగతి. నేను వార్తలు చదివే పేజీలకి బ్లాకర్ పెట్టుకున్నాను. డ్వేన్ హాకీ స్కోర్లు చూసేచోటా అదే. మూడేళ్లుగా. ఆ పేజీల వెనక ఎవరి మొగుడు మంచం మీద ఉన్నాడో నేను ఏనాడూ ఆలోచించలేదు. కాబట్టి లొరెయిన్ నన్ను వెనకేసుకొస్తే సంతోషమే గాని, ఆవిడ మాట నాకూ తగులుతుంది. నీ కాగితం ఒక్కటే నా కొంప ముంచిందని కూడా అనను. నీతో చెప్పించుకోకుండానే పెట్టుకున్నవాళ్లు చాలామంది.

లైబ్రరీలో బ్లాకర్ తియ్యకు. ఓర్విల్‌కి అది కావాలి. నా పేజీ జోలికి మాత్రం పోవద్దని దానికి చెప్పు. నేను నీ డబ్బాకి వేరే పేరు పెట్టేస్తాను, అప్పుడు బ్లాకర్ ఉన్నవాళ్లకీ నువ్వు కనబడతావు. ఏం పేరు పెట్టమంటావో రాయి.

నీ చెల్లెలు
మార్లిస్


వోల్డెన్
అక్టోబరు 25

మార్లిస్,

చూశాను. బ్లాకర్ ఆపగానే పేజీ ఒక్కసారి సంతలా అయిపోయింది. పైన చెవిటి మిషన్లు, కింద ట్రాక్టరు టైర్లు, మధ్యలో నేను. నది గట్టున వెనక్కి తిరిగి ఆకు కోస్తున్న ఫోటో. అది ఎప్పుడు తీశావో నాకు తెలియనే తెలియదు. "ఈ ఊరగాయ మా అక్క అడిలీన్ కనిపెట్టింది. మూడు వేసవులు పట్టింది. అనుమానాలుంటే ఆమెనే అడగాలి, నాకు అంత తెలియదు." నువ్వు రాసిన మూడు ముక్కలూ ఇవే.

ఓర్విల్ నా భుజం మీదుగా చూసి, "అడిలీనూ, నీ బొమ్మ యాడ్లలో పడిందేమిటి? వైరస్సా?" అని కంగారుపడ్డాడు.

మంగళవారం తరగతిలో జరిగిందంతా చెప్పాను. నేర్పింది తప్పు కాదని, నీ పేజీ చూపించింది మాత్రం కుళ్లుతో అని అదే మాట వాడి చెప్పాను. బెర్నడీన్ అక్కడే ఉంది. "నేను నవ్వులాటకన్నానే!" అంది. లొరెయిన్ తన ఫోను నా ముందు పెట్టి, బ్లాకర్ నీ పేజీ జోలికి పోకుండా చేయించుకుంది. పదకొండు మందిలో ఏడుగురు అలాగే చేశారు. ఎల్‌రాయ్ ఒప్పుకోలేదు. "మీ అక్కచెల్లెళ్లు కలిసిపోయారని నేను టైర్లు చూడాలా?" అన్నాడు. తరగతి అయ్యాక మాత్రం నన్ను పక్కకి పిలిచాడు. "తెల్లారగానే వర్షం సంగతి చెప్పే పేజీ ఒకటి చూస్తాను. అదీ మనలాంటివాడు ఒక్కడే నడుపుతున్నాడట. వాడిదొకటి వదిలెయ్యి" అన్నాడు.

అది నాకు పట్టుకుంది. నువ్వు నా చెల్లెలివి కాబట్టి నీ పేజీ వదిలాం. వాన సంగతి చెప్పేవాడికి ఈ గదిలో అక్క లేదు. కాబట్టి కొత్త కాగితం రాశాను. బ్లాకర్ ఎలా పెట్టుకోవాలో సగం, రేపు కూడా ఉండాలనుకునే పేజీల్ని ఎలా వదలాలో సగం. నీ పేరు అందులో లేదు. నలభై లైబ్రరీలకీ నా పేరుతోనే పంపాను, పాత కాగితం ఎందుకు తీసేస్తున్నానో రెండు వాక్యాలు కలిపి. ఇద్దరు అప్పుడే ఎగతాళిగా జవాబిచ్చారు. ఇవ్వనీ.

కుళ్లు పోయిందని రాయలేను. నా పేరు కనబడిన తరవాత, మే నుంచి కొత్తగా వచ్చిన మెచ్చుకోళ్లన్నీ చదివాను. నన్ను అడిగినవాళ్లు ఎందరు, నీ చేతుల్ని పొగిడినవాళ్లు ఎందరు అని చూసుకున్నాను. నీ చేతులే గెలిచాయి.

డబ్బా పేరు అడిగావు. మార్చకు. యాడ్ అనే ఉండనీ. మార్చితే బ్లాకర్ పెట్టుకుని నీ శ్రమకి ఏమీ ఇవ్వకుండా వచ్చి వెళ్లేవాళ్లకి కూడా నేను కనబడతాను. అయిదు నెలలు నేనూ అలాగే వచ్చి వెళ్లాను. నీ చెవిటి మిషన్లనీ, నీ టైర్లనీ ఓర్చుకునేవాళ్లకి మాత్రమే నా పేరు తెలిస్తే చాలు. మిగతావాళ్లు ఆ ఆకు నీకే తట్టిందనుకోనీ.

డ్వేన్‌ని అడిగానని చెప్పు.

నీ అక్క