కంచంలో వదిలిన ముద్ద

అమ్మాయీ,

ఈ పరాయి ఊళ్ళో నీ కూతురూ నేనూ క్షేమమే, నా పొట్ట తప్ప. మేము దిగిన ఇంటావిడ కంచం ఖాళీ అయితే చాలు, మళ్ళీ వడ్డిస్తుంది. మెతుకు వదలడం నా వల్ల కాదని నీకు తెలుసు. నిన్న చెయ్యి అడ్డం పెట్టాను. ఆవిడ ఆ చేతిని ఆప్యాయంగా పట్టుకుని ఊపి, ఇంకో గరిటె వేసింది.

"అమ్మమ్మా, ఇక్కడ ఖాళీ కంచమంటే ఇంకా ఆకలని అర్థమట. కాస్త వదిలెయ్," అంది నీ కూతురు.

కళ్ళు మూసుకుని ఒక ముద్ద వదిలాను. ఆవిడ సంతోషంగా కంచం తీసింది.

"అయితే ఇంటికెళ్ళాక నేనూ వదలొచ్చా?" అని అడిగింది నీ కూతురు.

"వీల్లేదు."

ఆవిడ కంచం తీసేలోపే నీ కూతురు దాన్ని ఫోటో తీసింది. మిగతా పిల్లలకు చూపిస్తే, అది అమ్మమ్మ కంచం కాదని నువ్వే చెప్పాలి. నేను అబద్ధమాడను.

అజీర్తితో,
మీ అమ్మ