ఎవరూ వాయించని చోటు

మార్చి 3, మంగళవారం

ఉతికినవి: బట్టలు ఒక బుట్ట, దుప్పట్లు రెండు. తోమినవి: గిన్నెలు మూడు విడతలు. తుడిచినవి: కిటికీ అద్దాలు నాలుగు. అత్తయ్యకు మాత్రలు: ఐదు, వేళకు. అత్తయ్య పిలుపులు: ముప్ఫై ఒకటి, అన్నిటికీ పలికాను. బిస్కెట్లు: డబ్బాలో పద్దెనిమిది ఉండాలి, పదహారే ఉన్నాయి, మీ తమ్ముడి పేరున రాశాను. ఆయన తినలేదంటారు. దొంగ ఎప్పుడైనా ఒప్పుకున్నాడా? సంగీతం: నలభై రెండు నిమిషాలు, మూడు విడతల్లో.

సెల్లో వదినకు,

మీరు పంపిన కొత్త సినిమా సంగీతం మెమరీ కార్డు శుక్రవారం అందింది. ఫోన్లో చెబుదామంటే నేను నోరు తెరిచేలోపే అత్తయ్య గదిలోంచి "ఎవరు? ఎవరు?" అంటారు. అందుకే ఎప్పటిలాగే ఉత్తరం.

వంతెన కట్టేవాళ్ళ కథ అని మాత్రం చెప్పి మిగతాది దాచారు, మంచి పని చేశారు. మూడు గంటలు ఇల్లు వదిలి సినిమాకు వెళ్ళే వీలు నాకెలాగూ లేదు. నేపథ్య సంగీతం విని, ఇక్కడ ఎవరో నడుస్తున్నారు, ఇక్కడ నీళ్ళు పెరిగాయి, ఇక్కడ ఎవరో అబద్ధం చెప్పారు అని ఊహించుకోవడంలోనే నాకు సుఖం ఉంది. పాటలు నాకు పడవు. మాటలుంటే ఎవరో పిలుస్తున్నట్టే ఉంటుంది. వాద్యాలు నన్నేమీ అడగవు. "కూర లేకుండా తాలింపొక్కటే తింటావేంటి నువ్వు" అంటారు మీ తమ్ముడు. తాలింపు రుచి తెలిసినవాళ్ళకే ఆ సంగతి తెలుస్తుందని నేను అనలేదు, అనుకున్నాను.

మొదటి ముక్కలో వయొలిన్లన్నీ ఒకేసారి కమాను తిప్పిన చప్పుడు వినిపిస్తుంది, కొత్త చీపురుతో గచ్చు మీద ఒక్క ఊపు ఊడ్చినట్టు. మూడోదానిలో ఫ్లూట్ వాయించే మనిషి ఊపిరి తీసుకున్నాడు. నాలుగోదానిలో ఎవరిదో కుర్చీ కిర్రుమంది. దాన్ని చెరిపేయకుండా ఉంచిన మహానుభావుడికి ఓ నమస్కారం.

అన్నిటికంటే ఆరోది. వయొలిన్లు పైపైకి ఎక్కి, ఐదు నిమిషాల పది సెకన్ల దగ్గర టక్కున ఆగిపోతాయి. తర్వాత ఎవరూ వాయించరు. వంటింటి గడియారం పెట్టి నాలుగుసార్లు చూశాను, సరిగ్గా నలభై ఎనిమిది సెకన్లు. మా ఫ్రిజ్ మూలుగు తప్ప ఏమీ ఉండదు. తర్వాత వయొలిన్లు ఏమీ ఎరగనట్టు తిరిగొస్తాయి. అరవైమందిని కూర్చోబెట్టి, "ఇక్కడ మీరెవరూ వాయించకండి" అని చెప్పడానికి ఆ స్వరకర్తకు ఎంత గుండె ఉండాలి. వదినా, నా రోజు మొత్తంలో ఎవరూ ఏమీ అడగని నలభై ఎనిమిది సెకన్లు అవే. నన్నడిగితే ఈ సంగీతంలో గొప్పది ఎవరూ వాయించని ఆ చోటే.

మీరు వాయించే సెల్లో ఎక్కడుందో పట్టుకుందామని ఎంతో చూశాను, దొరకలేదు. ఈసారి సెల్లోలకు పని తక్కువ ఇచ్చినట్టున్నారు.

"ఇందులో మా అమ్మాయి కూడా ఉందా?" అనడిగారు అత్తయ్య.

"ఉందత్తయ్యా."

"ఇంకా ఆ కడుపుబ్బిన వయొలినేనా?"

"అదే."

"మోసి మోసి దాని నడుం పోతుంది. పిల్లనగ్రోవి నేర్చుకోవే అంటే విన్నదా?"

మీ జవాబు కోసం చూస్తూ,
మీ మరదలు

*

ఏప్రిల్ 9, గురువారం

ఉతికినవి: బట్టలు అర బుట్ట. అత్తయ్యను నడిపించింది: హాల్లో ఎనిమిది చుట్లు. మాత్రలు: ఐదు. పిలుపులు: ఇరవై ఏడు. బిస్కెట్లు: ఒకటి తక్కువ. సంగీతం: నలభై ఎనిమిది సెకన్లు, పదిహేనుసార్లు.

వదినా,

మీ పోస్టుకార్డు వచ్చి మూడు వారాలు దాటింది. అందులో ఉన్నవి నాలుగే ముక్కలు, నాకు కంఠతా వచ్చేశాయి. "మరదలా, ఎవరూ వాయించని చోటు నీకంత నచ్చినందుకు సంతోషం. అక్కడ వాయించింది నేను. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి, ఒక్కదాన్నే. చెప్పకుండా పంపితే నువ్వే పట్టుకుంటావనుకున్నాను." అంతే. కింద సంతకం కూడా లేదు.

చదివి మళ్ళీ విన్నాను. నిశ్శబ్దమే. మెమరీ కార్డులో ఆ భాగం చెడిపోయిందేమో అనుకున్నాను. మీరు ఎకసెక్కెం ఆడుతున్నారేమో అని కూడా అనుకున్నాను, క్షమించండి. ఏం రాయాలో తోచక ఊరుకున్నాను. నేను ఊరుకున్నకొద్దీ మీకు ఎలా ఉండి ఉంటుందో తెలుసు. వెనక వరుసలో కూర్చుని జీవితమంతా పదిమందిలో పదకొండోదానిగా వాయించిన మనిషి, ఒక్కసారి ముందుకొచ్చి కూర్చుంటే, వినాల్సిన ఒక్కతే "అక్కడ ఎవరూ లేరు, ఎంత బాగుందో" అని రాసింది.

నిన్న గిన్నెలు తోముతుంటే ఇయర్‌ఫోన్లలో ఎడమది చచ్చిపోయింది. తీగ అక్కడ నలిగి నలిగి తెగింది. కుడిది మాత్రం కొన్న రోజెలా ఉందో అలాగే ఉంది. సరే, ఇది పనిచేస్తుందిగా అని ఆ కుడిదాన్ని తీసి ఎడమ చెవిలో పెట్టుకుని ఆరోది మొదలుపెట్టాను.

వయొలిన్లు పక్కింట్లో వాయిస్తున్నట్టు దూరంగా ఉన్నాయి. తప్పు ముక్క పెట్టానేమో అనుకున్నాను. ఐదు నిమిషాల పది సెకన్లకు అవి ఆగాయి. మీరు మొదలుపెట్టారు.

మంచం అంచున కూర్చున్న మనిషి, చెప్పనా వద్దా అని చాలాసేపు ఆలోచించుకుని, చివరికి నేల చూస్తూ చెప్పడం మొదలుపెట్టినట్టుంది. నేను కొత్తగా కాపురానికొచ్చినప్పుడు వెనక గదిలో మీరు సాధన చేసేవారు, తలుపు బయట బియ్యం ఏరుతూ వినేదాన్ని. వదిలేయాల్సిన స్వరాన్ని వదిలేముందు ఒకసారి దాని మీద బరువు మోపుతారు మీరు. అదే చెయ్యి. నురగ చేతులతోనే నిలబడిపోయాను. నేను ఫ్రిజ్ అనుకున్నది మిమ్మల్ని, వదినా. పక్క గదిలోంచి వచ్చినట్టు ఆ కాస్త మూలుగే ఎడమ వైపుకు చేరేది.

వయొలిన్లు ఎడమ వైపు, సెల్లోలు కుడి వైపు కూర్చుంటాయని మీరే ఒకసారి కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. నాకు తట్టలేదు. మూడేళ్ళుగా నేను ఎడమ చెవితో మాత్రమే వింటున్నాను. కుడి చెవి అత్తయ్య గది వైపు ఉంటుంది, అది ఖాళీగా ఉండాలి. మూడేళ్ళలో మీరు పంపిన పంతొమ్మిది సినిమాలూ నేను సగమే విన్నాను. సగం విని, పేజీలకు పేజీలు మీకు అభిప్రాయాలు రాశాను.

ఎందుకో చెప్పాలంటే ఇంకొకటి చెప్పాలి. ఇది మీ తమ్ముడికి కూడా తెలియదు.

అత్తయ్య పడి తుంటి ఎముక విరిగిన రోజు నేను మేడ మీద బట్టలు ఆరేస్తున్నానని అందరికీ చెప్పాను. అబద్ధం. ఆ రోజు బట్టలు ఉదయం తొమ్మిదికే ఆరేశాను, నా లెక్కల పుస్తకంలో ఉంది. ఆవిడ పడ్డప్పుడు నేను వంటింట్లో గోడ వైపు తిరిగి, రెండు చెవుల్లోనూ పెట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చున్నాను. మీరు పంపిన ఓడ సినిమా సంగీతం. అది అయ్యాక హాల్లోకి వస్తే ఆవిడ బీరువా పక్కన నేల మీద ఉన్నారు. స్టూలు పక్కకు దొర్లి ఉంది, దాన్ని పట్టుకుని నిలబడబోయి పడ్డారనుకున్నాను. ఆస్పత్రిలో ఆవిడ నా వైపు చూడకుండా "పదకొండుసార్లు పిలిచానమ్మాయ్" అన్నారు.

ఆ పదకొండూ నాకు రోజూ వినిపిస్తాయి. ఆ రోజే కుడి చెవిని ఆవిడకు రాసిచ్చేశాను.

"ఆదివారం అమ్మను నేను చూసుకుంటాలే, నువ్వలా బయటికెళ్ళి రా" అంటారు మీ తమ్ముడు. రెండుసార్లు వెళ్ళాను. వీధి మలుపు దాకా నడిచి, అక్కడ నిలబడి, వెనక్కి వచ్చేశాను. కాళ్ళు బయటికి వచ్చినా చెవి ఇంట్లోనే ఉండిపోతుంది. నన్నెవరూ కట్టేయలేదు వదినా. గడియ లోపలినుంచి నేనే పెట్టుకున్నాను, ఇప్పుడది తుప్పు పట్టింది. నిద్రలో కూడా ఎడమ వైపు ఒత్తిగిలి పడుకుంటాను, కుడి చెవి పైకి ఉండాలని.

ఆవిడ మీ అమ్మ. నా మీద కోపం వస్తే అది న్యాయమే. కానీ ఆ నలభై ఎనిమిది సెకన్లూ నేను విన్నానని మాత్రం తెలుసుకోండి. ఆలస్యమైంది, అంతే.

మీ మరదలు

*

మే 18, సోమవారం

ఉతికినవి: మీరు వాడిన దుప్పటి, తువ్వాలు. మాత్రలు: ఐదు. పిలుపులు: పంతొమ్మిది. సంగీతం: కింద రాశాను. బిస్కెట్లు: అదీ కింద రాశాను.

వదినా,

ఉత్తరానికి ఉత్తరమే వస్తుందనుకున్నాను. మనిషే వస్తారనుకోలేదు. శనివారం ఉదయం తలుపు తీయగానే మీరు అన్న మాట పుస్తకంలో రాసుకున్నాను: "మా అమ్మ కోసం రాలేదు, నీ చెవి కోసం వచ్చాను." అత్తయ్య మీ వెనక తొంగి చూసి "ఆ కడుపుబ్బింది రాలేదా?" అనడం, మీరు అలసిపోయిన మొహంతో నవ్వడం కూడా గుర్తుంది.

మీరు కొత్త ఇయర్‌ఫోన్లు నా చేతిలో పెట్టి, ఆవిడ మంచం పక్కన కూర్చుని "నలభై రెండు నిమిషాలు, పో" అని నన్ను వెనక గదిలోకి తోసి తలుపు వేశారు. తర్వాత ఎలా ఉందని అడిగితే బాగుందన్నాను. ఇప్పుడు నిజం రాస్తాను. మొదటి రెండు ముక్కలూ నేనేమీ వినలేదు. కుడి చెయ్యి దానంతటదే లేచి ఇయర్‌ఫోన్ లాగేస్తోంది. నాలుగుసార్లు లాగింది. చివరికి ఆ చేతి మీద కూర్చున్నాను. ఆరోది వచ్చేసరికి, నా తల లోపల ఒక హాలు ఉన్నట్టూ, ఎడమ గోడ నుంచి కుడి గోడ దాకా కుర్చీలు వేసి ఉన్నట్టూ అనిపించింది. కుడి వైపు మూడేళ్ళు దీపాలార్పి ఉంచాను. అక్కడ మీరు ఒక్కరే కూర్చుని ఉన్నారు. ఏడ్చాను. మీకు వినబడి ఉంటుంది, మీరు అడగలేదు.

ఇక మీరు రైలెక్కాక జరిగింది.

నిన్న మధ్యాహ్నం అత్తయ్య గోళ్ళు తీస్తున్నాను. "మా అమ్మాయి ఉన్నట్టుండి ఎందుకొచ్చింది? నువ్వేం రాశావు దానికి?" అన్నారు. మీకు చెప్పాక ఆవిడకు దాచడమెందుకనిపించింది. తల వంచుకునే చెప్పాను.

"అత్తయ్యా, మీరు పడ్డ రోజు నేను మేడ మీద లేను."

"తెలుసులే" అన్నారు.

కత్తెర ఆగిపోయింది.

"నన్ను చూసి పరిగెత్తుకొచ్చినప్పుడు నీ మెడలో తీగలు వేలాడుతున్నాయి. బట్టలారేసే మనిషికి తీగలెందుకు?"

"మరి మూడేళ్ళుగా ఒక్కసారీ అడగలేదేం?"

ఆవిడ కిటికీ వైపు తిరిగారు. "నేనడిగితే నువ్వూ అడుగుతావు కదా, నేనెలా పడ్డానని."

ఆవిడ ఎలా పడ్డారో వినండి. చక్కెర జబ్బని డాక్టరు తీపి మాన్పించాక బిస్కెట్ డబ్బా హాల్లో బీరువా మీద పెట్టాను, ఆవిడకు అందకూడదని. నేను తీగలు పెట్టుకుని కళ్ళు మూసుకోవడం చూసి, ఇదే అదననుకుని, స్టూలెక్కారు. రెండు తీశారు. ఒకటి నోట్లో, ఒకటి చేతిలో ఉండగా స్టూలు జారింది.

"మరి పదకొండుసార్లు పిలిచింది?"

"ఒక్కసారే పిలిచాను. అంతకుముందు పిలుద్దామంటే నోట్లో ఉంది కదా, నమిలి మింగొద్దూ?"

"చేతిలోది?"

"అదీ తినేశాను. దొరికిపోనూ?"

"పదకొండని ఎందుకన్నారత్తయ్యా?"

"ఒకసారంటే మిగతా ప్రశ్నలు వేస్తారు. పదకొండంటే ఎవరూ నోరెత్తరు." తర్వాత చిన్నగా అన్నారు: "నువ్వు ఒక చెవే పెట్టుకుంటుంటే చూస్తూనే ఉన్నానమ్మాయ్. రోజూ చెబుదామనే పిలిచేదాన్ని. నువ్వు రాగానే మంచినీళ్ళడిగేదాన్ని."

నాకు కోపం వచ్చింది వదినా, అబద్ధమెందుకు. లేచి వంటింట్లోకి వెళ్ళి పాత లెక్కల పుస్తకం తీశాను. ఆ తేదీ కింద నా దస్తూరీతోనే ఉంది: బిస్కెట్లు రెండు తక్కువ, ఆయన. ఆ సాయంత్రం ఆస్పత్రి నుంచి వచ్చి కూడా లెక్క రాసిన మనిషిని, ఆ లెక్క ఏం చెబుతోందో చూడలేదు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తేలలేదు. నవ్వొచ్చింది, అది ఆగడానికి చాలాసేపు పట్టింది. గదిలోంచి పిలుపు లేదు. పిలవకుండా ఆవిడ అంతసేపు ఉండటం నేనెరగను.

తిరిగి వెళ్ళేసరికి ఆవిడ సగం తీసిన గోళ్ళు చూసుకుంటూ కూర్చున్నారు. "వినడానికి వెళ్ళావనుకున్నా" అన్నారు. తర్వాత, "అందులో మా అమ్మాయి ఎక్కడుంటుంది?"

మంచం మీద ఆవిడ పక్కన కూర్చున్నాను. ఎడమది నా చెవిలో, కుడిది ఆవిడ చెవిలో పెట్టి ఆరోది మొదలుపెట్టాను. తీగ పొట్టిది, తలలు ఆనించుకోవాల్సి వచ్చింది. వయొలిన్లు ఎక్కి, ఎక్కి, ఆగాయి. నా వైపు నిశ్శబ్దం.

ఈసారి నేను వినలేదు, చూశాను. ఆవిడ ఏదో అనబోయి ఆగారు. నేను మాట్లాడకపోయినా, మాట్లాడొద్దన్నట్టు వేలు ఎత్తారు. మీరు ఆ చివరి స్వరం మీద బరువు మోపే చోట ఆవిడ కనురెప్పలు దిగాయి, వదిలేసిన చోట లేచాయి. వయొలిన్లు తిరిగొచ్చినా వేలు దించలేదు.

"కడుపుబ్బింది కాదే అది" అన్నారు చివరికి. "చాలా ఏళ్ళుగా ఏదో కడుపులో పెట్టుకునుంది."

ఆ నలభై ఎనిమిది సెకన్లు నా రెండు చెవులూ ఖాళీయే. కానీ వినాల్సిన పిలుపు ఏదీ లేదు. పిలిచే మనిషి తీగకు ఆ చివర ఉంది.

ప్రతి నెలా రెండో శనివారం వస్తానన్నారు. రండి. రాలేని నెల ముందే రాయండి, ఎదురుచూడను. నా చెయ్యి ఇంకా కుడిదాన్ని లాగుతూనే ఉంది, ఈ ఉదయం రెండుసార్లు. నాలుగు నుంచి రెండుకు దిగింది.

మీ మరదలు

సవరణలు: బిస్కెట్లు, మూడేళ్ళవి (పడ్డాక ఆవిడ ఇక లేవలేరులే అని డబ్బాను బీరువా కింది అరలోకి దించింది నేనే). మీ తమ్ముడి పేరు కొట్టేసి అత్తయ్య పేరున మార్చాను. కుడి చెవి, మూడేళ్ళు, అత్తయ్యకు బాకీ. రెండు వైపులా చూశాను. చెల్లు.