సంతకం దగ్గర నవ్వారు

ఇబాదాన్,
మంగళవారం

అమ్మా,

నీ ఎదుట మోకరిల్లి పలకరించాననే అనుకో. ఈ ఉత్తరం మన ఊరి బస్సు డ్రైవరు తెచ్చిస్తాడు. ఫోన్ చెయ్యొచ్చు కదే అంటావు. నీ ఫోన్ మోగితే నీకన్నా ముందు పక్కింటివాళ్ళు చెవులు రిక్కిస్తారు. అందుకే రాస్తున్నాను.

మా హాలుకి ఎన్నికల సినిమా ఒకటి వచ్చింది. గవర్నరు కుర్చీ కోసం కొట్టుకు చచ్చే కథ. టికెట్లు చింపి తలుపు పక్కన నిలబడడమే నా పని కాబట్టి పది రోజుల్లో పదిహేడు సార్లు చూశాను. మన జనం సంగతి నీకు తెలియనిదా? నోరు మూసుకుని చూస్తే టికెట్ దండగ అనుకుంటారు. తెరమీద నాయకుడు చర్చిలో కళ్ళు మూసుకుంటే చాలు, "ఆమెన్, దొంగా!" అని హాలంతా కేక. గూండా కారెక్కబోతుంటే "ఎక్కకురా సన్నాసీ, వెనక సీట్లో ఉన్నాడు!" అని వాడికి జాగ్రత్తలు. ఒకావిడ మూడుసార్లు వచ్చింది. వచ్చినప్పుడల్లా నాయకుడి భార్యకి "నగలు సర్దుకోవే పిచ్చిదానా, వీడు మునిగాడు!" అని సలహా ఇచ్చి వెళుతుంది. నేనూ వాళ్ళతో కలిసి నవ్వేదాన్ని.

నడుమ ఒక మాస్టారు వస్తాడు. ఓట్లు లెక్కపెట్టే అధికారిగా ఆయన్ని పెడతారు. పేరు మార్చారు, ఊరు మార్చారు. అయినా ఎవరి కథో నీకు నేను చెప్పక్కర్లేదు. గూండాలు తుపాకీ చూపించగానే ఆ పొట్టి నటుడు నేలమీద బోర్లా పడి సాష్టాంగ నమస్కారం చేస్తాడు. లేచి, కళ్ళద్దాలు తుడుచుకుని, దొంగ లెక్కల కాగితం మీద సంతకం పెడతాడు. పెట్టాక కూడా చంపేస్తారు. ఆ అద్దాలు తుడిచే చోట హాలు విరగబడి నవ్వుతుంది. "బాగా తుడుచుకో మాస్టారూ, నరకం స్పష్టంగా కనిపించాలి!" అంటాడొకడు. "పంతులు చేతిరాత ముత్యాలే!" అంటాడు ఇంకొకడు.

అమ్మా, మొదటి రోజు నేనూ నవ్వాను. నాన్నని చూసి నవ్వాను.

ఎప్పుడో చెప్పాల్సిన ఇంకో మాట కూడా ఉంది. ఇక్కడ నన్నెవరూ ఒయెదిరన్ అని పిలవరు. తాతయ్య పేరు రాసి ఉద్యోగంలో చేరాను. నాన్న పేరు చెబితే "ఎవరు, ఆ సంతకం మాస్టారా?" అంటారని భయం. పదహారేళ్ళ కింద శనివారం ఆయన్ని ఎత్తుకుపోయారు, ఆదివారం ఆయన సంతకంతో ఫలితం చదివారు, సోమవారం ఆయన శవాన్ని మన గుమ్మంలో దింపిపోయారు. అమ్ముడుపోయి చచ్చాడని ఊరంతా అంది. ఆ ఎన్నిక చెల్లదన్న కేసుని కోర్టు కూడా ఆ సంతకం చూసే కొట్టేసింది. నేనూ నమ్మాను.

ఇప్పుడు ఆట అయ్యాక ఖాళీ హాలు ఊడుస్తుంటే సీట్ల మధ్యనుంచి ఆ నవ్వు వినిపిస్తోంది. అంతమంది నవ్వులో నా గొంతు విడిగా తెలుస్తోంది. నాకు భయంగా ఉందమ్మా.

నీ
ఫెహింతోలా


ఇబాదాన్,
శుక్రవారం

అమ్మా,

నీ జవాబు కోసం ఆగలేకపోయాను. నిన్న మధ్యాహ్నం ఆటలో ఒకటి జరిగింది.

ఆ చోటు వచ్చింది. తెరమీద మాస్టారు నేలమీద పడ్డాడు. జనం నవ్వబోతున్నారు. నా పక్క వరసలో నెరిసిన గడ్డంవాడొకడు లేచి నిలబడి, "అబద్ధం! ఆయన పడలేదు. ముందు సాష్టాంగపడింది మేం!" అని అరిచాడు. జనం ఇంకా గట్టిగా నవ్వారు. "కూర్చో బాబాయ్, సినిమా నువ్వు తీశావా?" అని గేలిచేశారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. "మేం" అన్నాడమ్మా.

అతను బయటికి పోతుంటే వెంటపడ్డాను. పాప్‌కార్న్ అమ్మే బల్ల దగ్గర అడ్డంగా నిలబడి "నేను ఒయెదిరన్ మాస్టారి కూతుర్ని" అన్నాను. ఎన్నేళ్ళకి ఆ పేరు నా నోట వచ్చిందో! ఆ పెద్దమనిషి, నాకు తండ్రి వయసువాడు, అంతమందిలో నా కాళ్ళముందు బోర్లా పడ్డాడు. కళ్ళు తిరిగి పడిపోయాడనుకుని ఎవరో నీళ్ళు తెచ్చారు.

పేరు కమోరు. నాలుగో తరగతిలో నాన్న దగ్గర చదివాడట. మెట్లమీద కూర్చుని, నా మొహం చూడకుండా చెప్పాడు.

"గురువు కదమ్మా, తుపాకులు గోడకి ఆనించి ముగ్గురం సాష్టాంగపడ్డాం. మాస్టారూ, సంతకం పెట్టండి, మిమ్మల్ని మేమే ఇంట్లో దింపుతాం అని కాళ్ళు పట్టుకున్నాం. ఆయన కాగితం చదివాడు. జేబులోంచి ఎర్ర పెన్ను తీశాడు. 'కూడిక తప్పురా కమోరూ. చేతిలో మిగిలిన ఒకటి కలపడం అప్పుడూ మరిచిపోయేవాడివి, ఇప్పుడూ మరిచిపోయావు' అని తప్పున్న ప్రతి చోటా సున్న చుట్టాడు. మాకు నవ్వొచ్చింది. నిజంగా నవ్వాం. మమ్మల్ని పంపి బయట కారులో కూర్చున్న పెద్దాయనకి ఆ నవ్వు వినిపించింది. లోపలికొచ్చి కాగితం చూశాడు. తరవాత..."

"ఎవరు కాల్చారు?" అన్నాను.

"నేను కాదని చెప్పుకునే మొహం నాకు లేదమ్మా. మేం."

"మరి సంతకం?"

"ఆయన పెట్టలేదు. ఖురాన్ మీద ఒట్టు. మిగతాది నన్నడక్కు, మీ అమ్మగారిని అడుగు" అని లేచి వెళ్ళిపోయాడు.

కోర్టులో ఆ సంతకం నేనూ చూశాను. అక్షరం అక్షరం నాన్నదే. అమ్మా, అది ఎవరిది? నువ్వు పదహారేళ్ళుగా ఒక్కసారి కూడా "మీ నాన్న అలాంటివాడు కాదు" అని ఎందుకనలేదు?

నీ
ఫెహింతోలా


ఇంటినుంచి,
ఆదివారం

నా తల్లీ ఫెహింతీ,

రెండు ఉత్తరాలూ ఒకేరోజు అందాయి. నాన్నని చూసి నవ్వానని ఏడుస్తున్నావు. ఏడువు, కడుపు తేలికవుతుంది. కానీ వాళ్ళందరినీ నవ్వించింది నేను.

ఆ ఆదివారం పొద్దున నువ్వు అత్తయ్య ఇంట్లో ఉన్నావు. ముగ్గురు వచ్చారు. మీ నాన్న ఎర్రసిరాతో పాడుచేసిన కాగితం పనికిరాక కొత్తది రాయించి తెచ్చారు. కమోరు గుమ్మంలో బోర్లా పడి, తల ఎత్తకుండానే, "అమ్మగారూ, మా ప్రోగ్రెస్ కార్డుల మీద మాస్టారి సంతకం మీరే కదా పెట్టేది" అన్నాడు. నిజమే. ఏడాది చివర డెబ్భై కార్డులు పిల్లలచేత మోయించి తెచ్చి సగం నా ఒళ్ళో పడేసేవాడు మీ నాన్న. నేను కూర కలుపుతూ ఒక చేత్తో, ఆయన బల్లమీద. ఏది ఎవరిదో హెడ్మాస్టరు కూడా పోల్చుకోలేకపోయేవాడు. ఆ సంగతి తలుచుకుని ఇద్దరం ఎంత నవ్వుకునేవాళ్ళమో.

"పెడితే మాస్టారిని ఇంటికి తెస్తాం, లేకపోతే ఏట్లో పడేస్తాం" అన్నాడు రెండోవాడు. వాడి చొక్కామీద నెత్తురు చూశాక, బతికున్నాడా అని అడగాల్సిన పని లేకపోయింది. నా ఇంటి వెనక పాతిపెట్టుకోవడానికి మనిషి కావాలి. నీకు చూపించడానికి ఒక సమాధి కావాలి. పెట్టాను. మాటమీద నిలబడ్డారు, మర్నాడు తెచ్చి దింపారు.

మొదట్లో నిన్ను బతికించుకోవాలని నోరు కుట్టేసుకున్నాను. తరవాత సిగ్గేసి. ప్రాణం పోయినా ఆయన పెట్టని సంతకాన్ని ఆయన పేరుతో నేను పెట్టాను. ఆయన మంచివాడే అని చెప్పాలంటే నా చెయ్యి చూపించాలి. నువ్వు ఆయన పేరు వదిలేసుకున్నావని నాకెప్పుడో తెలుసు, మీ మేనత్త చెప్పింది. ఆ రోజు నేను అన్నం తినలేదు. అయినా నిన్ను ఒక్క మాట అనలేదు. ఏ మొహంతో అంటాను?

ఇప్పుడు చెప్పింది చెయ్యి. ఈ ఉత్తరం దాచుకోకు. కోర్టు కాగితాల నకలు మన వకీలు దగ్గర ఇంకా ఉంది. దాని పక్కన దీన్ని పెట్టమను. దొంగ సంతకానికి నన్ను జైల్లో వేస్తారంటాడు. వెయ్యనీ. అరవైరెండేళ్ళదాన్ని, నాకేం పెళ్ళి ఆగిపోతుందా? కమోరుని వెతికి పట్టుకో, పారిపోనివ్వకు. శనివారం మధ్యాహ్నం ఆటకి నాకో సీటు పెట్టు. ఆ చోటు రాగానే నేనూ లేచి నిలబడతాను. నవ్వేవాళ్ళు నవ్వనీ, నాకూ గొంతుంది.

నా మాట ఎవరూ నమ్మకపోతే కింద నేను పెట్టిన మీ నాన్న సంతకం చూపించు. పదహారేళ్ళయింది, చెయ్యి వణుకుతుందేమో అనుకున్నాను. వణకలేదు.

డి. ఎ. ఒయెదిరన్